జులైలో మాంట్రియల్, ఒక డ్రాగ్ షో

మాంట్రియల్‌లో జులై అంటే నవ్వుల నెల. ఇక్కడి కామెడీ ఫెస్టివల్ జస్ట్ ఫర్ లాఫ్స్ 1983లో ఫ్రెంచ్ కామెడీతో మొదలై, తర్వాత ఇంగ్లీషుకీ విస్తరించింది. డబ్బు ఇబ్బందులతో 2024లో ఆగిపోయినప్పుడు నిజంగా బాధేసింది. మళ్ళీ మొదలయ్యాక ఈసారి స్టాండప్ కాకుండా డ్రాగ్ షోకి, అంటే ఎక్కువగా మగవాళ్ళు ఆడవేషం కట్టి పాటలతో, జోకులతో అలరించే ప్రదర్శనకి వెళ్ళాను.

ఎంత కష్టమైన కళ అండీ ఇది! పాటకి పెదవులు కలపడమే కదా అనుకుంటాం. ఆ క్వీన్ (డ్రాగ్ వేషం కట్టినవాళ్ళని అలా అంటారు) పాటలో గాయని ఊపిరి పీల్చుకునే చోటు కూడా వదల్లేదు. అంత ఎత్తు మడమల చెప్పులతో మెట్లు దిగుతూనే జోకులు. ఫ్రెంచ్‌లో మొదలెట్టిన మాట ఇంగ్లీషులో ముగిస్తే హాలంతా ఒకేసారి నవ్వింది.

నాకు స్థానం నరసింహారావు గారు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు గుర్తొచ్చారు. వాళ్ళ సత్యభామని చూస్తే వేషం కట్టింది మగవాడన్న సంగతే మర్చిపోయేవాళ్ళమని మా తాతయ్య చెప్పేవారు. డ్రాగ్ దారి వేరు. ఇక్కడ వేషం వేషంలాగే కనపడాలి, మధ్యలో సొంత గొంతు కూడా వినపడాలి. రెండిటి వెనకా ఉన్న సాధనకి మాత్రం దణ్ణం పెట్టాలనిపించింది.

నా పక్కనున్న పెద్దావిడ టిప్పుగా ఇవ్వడానికి ఐదు డాలర్ల నోటు పట్టుకుని లేచి నిలబడింది. క్వీన్ వంగి ఆవిడ చేతిని ముద్దుపెట్టుకుని మరీ తీసుకుంది. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

ఫెస్టివల్ లేనప్పుడైనా సెయింట్ కాథరిన్ వీధిలో కాబరే మాడో ఉంది, 2002 నుంచి డ్రాగ్‌కి పేరున్న చోటు. ఈ ఊరొచ్చే మనవాళ్ళెవరైనా చూడాలనుకుంటే చెప్పండి, నేనూ వస్తాను.