డైకర్ హైట్స్ దీపాలు: నడిచి చూస్తేనే అందం

న్యూయార్క్‌లో క్రిస్మస్ అలంకరణంటే అందరూ మన్‌హటన్‌కే పరుగెడతారు. అసలు జాతర బ్రూక్లిన్‌లోని డైకర్ హైట్స్‌లో. 11, 13 అవెన్యూల మధ్య, 83 నుంచి 86వ వీధి దాకా తిరిగితే ముఖ్యమైన ఇళ్లన్నీ వచ్చేస్తాయి. సమయం తక్కువుంటే 84వ వీధి ఒక్కటి చాలు. 1980లలో ఈ సందడి మొదలైంది అక్కడే.

కారు మాత్రం వద్దు. సందులు ఇరుకు, పార్కింగ్ దొరకదు, శనాదివారాల్లో బండి నత్తనడకే. సబ్‌వేలో డి అనే రైలెక్కి 79వ వీధి స్టేషన్లో దిగితే ఇరవై నిమిషాల నడక.

డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. అయిదింటికల్లా అక్కడుండండి. ఆకాశంలో ఇంకా నీలిరంగు మిగిలుంటుంది కాబట్టి ఫొటోల్లో ఇంటి ఆకారమూ పడుతుంది. పూర్తిగా చీకటయ్యాక తీస్తే తెల్లటి మచ్చలే. ఫోను తెరపై వెలుగున్న చోట తాకి ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు) తగ్గించండి. చలికి ఫోను ఛార్జింగ్ ఇట్టే పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. తొమ్మిది దాటితే చాలా ఇళ్లు దీపాలు ఆర్పేస్తాయి. పిల్లలుంటే ముందే బాత్రూం పని కానివ్వండి, ఇళ్ల మధ్య ఆ సదుపాయం ఉండదు. అవి జనం ఉండే సొంత ఇళ్లు, మెట్లెక్కొద్దు.