పక్కింటావిడ నాన్నగారి ఫైలు కోసం

మా పక్కింటావిడకు ఎనభై దాటాయి. నల్లజాతి కుటుంబం. వాళ్ల నాన్న కుర్రతనంలో గెటిస్‌బర్గ్‌లో సీసీసీ క్యాంపులో పనిచేశాడని తెలుసు, అంతే. ఒక్క ఫొటో కూడా లేదు. మేముండేది గెటిస్‌బర్గ్ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే కాబట్టి, "కాస్త వెతికి పెడతావా?" అని నన్ను అడిగింది.

సీసీసీ అంటే సివిలియన్ కన్జర్వేషన్ కోర్. పనుల్లేని కుర్రాళ్ల కోసం 1933లో అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పెట్టించాడు. మొక్కలు నాటడం, అడవి మంటలు ఆర్పడం, రోడ్లు వేయడం. నెలకు 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి వెళ్లేవి. అప్పటి అమెరికా కాంగ్రెస్‌లో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి సభ్యుడు ఆస్కార్ డి ప్రీస్ట్, జాతి వివక్ష కూడదని ఆ చట్టంలోనే రాయించాడు. అయినా 1935లో సీసీసీ డైరెక్టర్ ఫెచ్‌నర్ నల్లవాళ్లను వేరే క్యాంపుల్లో పెట్టాలని ఆదేశించాడు. బానిసత్వం మీద అమెరికా అంతర్యుద్ధం జరిగిన గెటిస్‌బర్గ్ నేల మీదే వాళ్లకు వేరే క్యాంపు! ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సీసీసీలో చేరినవాళ్ల ఫైళ్లు సెయింట్ లూయిస్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో, అంటే ప్రభుత్వ పాత రికార్డులు దాచేచోట, ఉంటాయి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఎక్కడ చేరాడో రాసి పంపాం. కొన్ని వారాలకు జవాబొచ్చింది: ఆ వివరాలతో ఎవరూ లేరట. ఆవిడ ముఖం చూడలేకపోయాను.

రెండ్రోజుల తర్వాత ఆవిడే గోడ దగ్గరకొచ్చి పిలిచింది. "నాన్న వయసు ఎక్కువ చెప్పి చేరానని నవ్వుతూ చెప్పేవాడు" అంది. మొదట్లో చేరడానికి పద్దెనిమిదేళ్లు నిండాలి మరి. ఇల్లు గడవక అలా చెప్పి చేరినవాళ్లు చాలామందే ఉన్నారు. మీరూ ఎవరికోసమైనా వెతుకుతుంటే, పుట్టిన సంవత్సరం ఒకటి రెండేళ్లు తగ్గించి కూడా అడగండి. మేం అలాగే మళ్లీ రాశాం. మళ్లీ ఎదురుచూపు, మళ్లీ టెన్షన్.

ఈసారి ఫైలు దొరికింది. కంపెనీ నంబరు పక్కన ఇంగ్లిష్ 'సీ' అక్షరం. అంటే 'కలర్డ్'. అదేమిటని ఆవిడ నన్ను అడగలేదు. ఆవిడ వేలు కిందకు జరిగి, ఇంటికి పంపే డబ్బు ఎవరికి చేరాలో రాసిన గడి దగ్గర ఆగింది. అక్కడ వాళ్ల నాయనమ్మ పేరు ఉంది. ఆ పేరు పైకి చదివింది, రెండుసార్లు.

వచ్చే ఆదివారం ఇద్దరం గెటిస్‌బర్గ్ వెళ్తున్నాం.