శుభలేఖల వెనక ఇంగ్లిష్ విశేషణాలు: ఆరో వారం

రోజూ పొద్దున కాఫీ అయ్యాక 20 నిమిషాలు. వెనక ఖాళీగా ఉన్న పాత శుభలేఖలు ఏరి, ఒక్కొక్కటి నాలుగు ముక్కలు చేస్తే 60 చీటీలు వచ్చాయి. 40 విశేషణాలకు, 20 నామవాచకాలకు. పరిమాణానికి నీలం సిరా, వయసుకు ఆకుపచ్చ, రంగుకు ఎరుపు, పదార్థానికి నలుపు.

ఆట ఇదీ: చేతికి వచ్చిన మూడు విశేషణాలను ఒక నామవాచకం ముందు సరైన వరుసలో పేర్చాలి. అభిప్రాయం ముందు, తర్వాత పరిమాణం, వయసు, ఆకారం, రంగు, పుట్టిన చోటు, పదార్థం. దీన్ని బట్టీ పట్టబోయి మూడు రోజులు పోగొట్టుకున్నాను. నాలుగో రోజు ‘బిగ్ ఓల్డ్ ఐరన్ ట్రంక్’ పేరుస్తుంటే మా అటక మీది ట్రంకు గుర్తొచ్చింది. ‘పెద్ద పాత ఇనుప పెట్టె’ అని మనమూ అంటాం. ‘ఇనుప పాత పెద్ద పెట్టె’ అని ఎవరంటారు? దేనితో చేశారో చెప్పే మాట వస్తువును అంటిపెట్టుకోవడం మనకూ అలవాటే. కాకపోతే ‘పాత పెద్ద పెట్టె’ అన్నా మన చెవికి గుచ్చుకోదు. ఇంగ్లిష్‌లో ఆ వెసులుబాటు తక్కువ.

ఆదివారం బాల్కనీలోంచి కనిపించే వీధిని ఐదు నిమిషాలు ఇంగ్లిష్‌లో వర్ణించి ఫోనులో రికార్డు చేసుకున్నాను. తిరిగి విని రాసుకుంటే విశేషణాల తప్పులు 11. అందులో నాలుగు ‘స్మాల్ స్మాల్ స్టోన్స్’ బాపతు. చిన్న చిన్న రాళ్లు అనుకుంటూ మాట్లాడితే ఇంకేం వస్తుంది! మూడు ‘మోర్ టాలర్’ వంటివి. తెలుగులో ‘కంటే’ చేరిస్తే చాలు, ‘పొడుగు’ మారదు. ఇంగ్లిష్‌లో టాల్ వంటి పొట్టి మాటకు చివర మార్పు, బ్యూటిఫుల్ వంటి పొడుగు మాటకు ముందు ‘మోర్’, రెండూ కలిపితే తప్పు. ఇంకో రెండు ‘సీనియర్ దేన్’. లాటిన్ నుంచి వచ్చిన ఈ మాట పక్కన ‘టు’ రావాలి.

మిగిలిన రెండూ ‘ఐ యామ్ బోరింగ్’. విసుగు పుట్టించేది బోరింగ్, విసుగు పుట్టినవాడు బోర్డ్. అంటే నన్ను నేనే రెండుసార్లు తిట్టుకున్నాను. చిన్నప్పుడు మా వీధిలో బోరింగ్ అంటే చేతిపంపు, దాని దగ్గర ఎవరికీ విసుగు పుట్టేది కాదు.

ఈ వారం అస్లీప్, అవేక్, అఫ్రైడ్, అలైవ్ చీటీల మూలలు కత్తిరించాను. ఇవి నామవాచకం ముందు నిలబడవు, క్రియ తర్వాతే. ముందు పెడితే ఆట పోయినట్టే. నిన్న ‘అలైవ్ ఫిష్’ పేర్చి ఓడాను. దాని బదులు వాడాల్సిన ‘లైవ్’ చీటీ ఇంకా రాయలేదు.