కారు కింద పడుకోవడానికి పట్టిన మూడు ఆదివారాలు

బెంగళూరు రామమూర్తినగర్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి వీధిలో మూడు స్పీడ్ బ్రేకర్లున్నాయి. వాటిని చూస్తే బండ్లని నెమ్మది చేయడానికి కాదు, కార్ల పొట్టలు గీకడానికే కట్టారేమో అనిపిస్తుంది. పోయిన వానాకాలంలో ఒకదాని మీంచి దిగుతుంటే కింద బర్రుమని చప్పుడైంది. ఆ రోజు నుంచి వేగం ముప్ఫై దాటితే చాలు, ఇంజన్ కింద ఎవరో అట్టముక్కతో కొడుతున్నట్టు టపటపా మోత. వంగి చూస్తే ఇంజన్‌కి అడుగున ఉండే ప్లాస్టిక్ అండర్ కవర్ క్లిప్పులు రెండు ఊడిపోయి, ఒక మూల వేలాడుతోంది.

గ్యారేజీలో అడిగితే బండి ఒక రోజంతా వదిలేసి వెళ్ళమన్నారు. రెండు క్లిప్పులకి ఒక రోజా! నేనే వేసుకుంటా అనుకున్నాను. కారు కొంచెం పైకి లేపి, కింద దూరి, రెండు క్లిప్పులు నొక్కి బయటికి రావడమే కదా అని లెక్క.

మొదటి ఆదివారం గేటు ముందు ఇంటర్‌లాక్ టైల్స్ మీద కారు ఆపాను. డిక్కీలోంచి కారుతో పాటు వచ్చిన జాక్ తీశాను. కత్తెరలా తెరుచుకునేది, అందరి కార్లలోనూ ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫస్ట్ గేరులో వేసి, ముందు ఎడమ వైపు లేపడం మొదలుపెట్టాను. చక్రం నేల వదిలి రెండు వేళ్ళు లేచిందో లేదో, జాక్ అడుగున ఉన్న టైల్ ఒక పక్కకి కుంగింది. జాక్ తాటిచెట్టులా వాలింది. కారు అంగుళం ముందుకి కదిలింది. నా చేతిలో హ్యాండిల్ అలాగే ఉండిపోయింది.

"దించేయప్పా! ముందు దించేయ్!" అని వెనక నుంచి కేక.

మా ఇంటి ఓనర్ అంకుల్. వాళ్ళది ముళబాగిలు వైపు, ఇంట్లో తెలుగే. దూరవాణినగర్‌లో ఐ.టి.ఐ. ఫ్యాక్టరీలో మెషిన్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. మన వైపు వాళ్ళకి ఐ.టి.ఐ. అనగానే ఫిట్టర్ కోర్సు గుర్తొస్తుంది గానీ, ఇది 1948లో పెట్టిన టెలిఫోన్ల ఫ్యాక్టరీ. ఆయన ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు, ఆ ఒక్కసారి తప్ప.

కారు దించాక మెట్ల మీద కూర్చోబెట్టి ఒకటే అడిగారు: "గేరులో వేసినావు కదా, ఆ గేరు ఏ చక్రాలను పట్టుకుంటుంది?"

ముందు చక్రాలను, అన్నాను. మాది ఫ్రంట్ వీల్ డ్రైవ్.

"మరి నువ్వు లేపింది?"

అప్పుడు వెలిగింది. ముందు చక్రాల్లో ఒకటి గాల్లోకి లేస్తే డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల అది ఉత్తినే తిరుగుతుంది, నేల మీదున్న రెండోదాన్ని గేరు పట్టుకోలేదు. ఇక మిగిలింది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే, అది వెనక చక్రాలకి. దాని కేబుల్ బిగించి ఎన్నేళ్ళయిందో నాకే తెలియదు. చక్రాలకి అడ్డంగా నేను ఏమీ పెట్టలేదు. ఆయుధ పూజకి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు మర్చిపోకుండా పెడతాం. జాక్ ఎత్తేటప్పుడు ఒక చెక్క పెట్టాలంటే మాత్రం గుర్తురాదు.

ఆయన చెప్పిన ఇంకో మాట: డిక్కీలో ఇచ్చే జాక్ స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే, దాని మీద నిలబెట్టి కిందకి తల పెట్టడానికి కాదు. తర్వాత కారు మాన్యువల్ తీశాను. సరిగ్గా అదే మాట అందులోనూ ఉంది. ఆ పుస్తకం కొన్న రోజు నుంచీ గ్లోవ్ బాక్స్‌లోనే ఉంది పాపం.

వారం మధ్యలో నాకో ఉపాయం తోచింది. పక్క వీధిలో ఇల్లు కడుతున్నారు, సాలిడ్ బ్లాకులు గుట్టగా ఉన్నాయి. కారు లేపి వాటి మీద ఆనిస్తే? గోడలు మోసేవి కారును మోయవా? అంకుల్ నవ్వారు. గోడలో బ్లాకు మీద బరువు అంతటా సమంగా పరుచుకుంటుంది. కారు అడుగున ఇనప అంచు మాత్రం ఒకే గీత మీద నొక్కుతుంది. కాంక్రీటు అలాంటి చోట వంగదు, ముందుగా చప్పుడు చేసి హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. "ఇనుము వంగినా వంగుతున్నట్టు కనిపిస్తాది, ఇది చెప్పి పోదు" అన్నారు. ఇటుకలైనా అంతే.

రెండో ఆదివారం పంక్చర్ షాపు నుంచి ట్రాలీ జాక్ అడిగి తెచ్చాను. హైడ్రాలిక్‌ది, అంటే నూనె ఒత్తిడితో లేపేది, చక్రాలున్నది. ఈసారి కారు టైల్స్ మీద కాదు, లోపల పార్కింగ్‌లో గట్టి కాంక్రీటు నేల మీద. అంకుల్ మేస్త్రీలు వాడే రసమట్టం తెచ్చి నేల మీద పెట్టి చూశారు. డ్రైన్ వైపు కొంచెం వాలు ఉంది. కారును రెండడుగులు వెనక్కి జరిపాం, అక్కడ బుడగ మధ్యలో నిలిచింది.

కారు లేపాక కింద దూరబోతుంటే ఆపి, సిల్ (తలుపుల కింద పొడుగునా ఉండే అంచు) దగ్గర స్టీల్ స్కేలు నిలబెట్టి ఎత్తు కొలిచారు. 31 సెంటీమీటర్లు. "రా, టిఫిన్ తిందాం" అన్నారు. ఆంటీ వేసిన రాగి దోసెలు తిని, కాఫీ తాగి దిగేసరికి 28 ఉంది. ఎవరూ ముట్టుకోలేదు, వాల్వు తిప్పలేదు. లోపల సీలు అరిగిపోయి నూనె మెల్లగా జారుతోంది, కారు దానంతట అదే దిగుతోంది. నేను కింద ఉంటే? దోసెలు అరగలేదు ఆ రోజు.

ఎంత మంచి జాక్ అయినా లేపడానికే, మోయడానికి కాదు అని నాకు బుర్రకెక్కింది అప్పుడే. మోయడానికి జాక్ స్టాండ్లు కావాలి, అంటే ఎత్తు సరిచేసుకుని కారు కింద నిలబెట్టే ఇనప కాళ్ళు.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ జె.సి. రోడ్డుకి వెళ్ళాను. అక్కడ కార్ల సామాను దొరకనిది లేదు, పార్కింగ్ తప్ప. రెండు టన్నుల ట్రాలీ జాక్ ఒకటి, మూడు టన్నుల స్టాండ్ల జత ఒకటి తీసుకున్నాను. మా కారు ఖాళీ బరువే దాదాపు 900 కిలోలు, మూడు టన్నులెందుకు అని కొట్టతనే అడిగాడు. నా లెక్క వేరు. ఇంజన్ ముందుంటుంది కాబట్టి సగానికి పైగా బరువు ముందు వైపే ఉంటుంది. ఆ బరువుకి మించి స్టాండ్లు మోయగలిగే మిగులే నా ఛాతీకి, కారుకి మధ్య ఉండే మిగులు.

స్టాండ్లలో నిలువు కడ్డీకున్న పళ్ళని లివర్ పట్టుకుని ఎత్తు నిలిపే రకం తీసుకున్నా, దాంతో పాటు అడ్డంగా దూర్చే పిన్ను కూడా ఉన్నదే వెతికాను. కారణం ఉంది. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే సంస్థ అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లని వెనక్కి పిలిచింది. పళ్ళు సరిగా పట్టుకోక, బరువు మీద కదిలితే స్టాండ్ ఒక్కసారిగా దిగిపోయే ప్రమాదం ఉందని. ఆ సంగతి చదివాక లివర్ ఒక్కదాన్నే నమ్మబుద్ధి కాలేదు.

మూడో ఆదివారం. ముందుగా నేల ఊడ్చాం. ఇది శుభ్రం కోసం కాదు. ట్రాలీ జాక్ చెయ్యి పైకి లేచేటప్పుడు నిలువుగా లేవదు, వంపుగా లేస్తుంది. ఆ వంపుకి తగ్గట్టు జాక్ తన చక్రాల మీద కొంచెం జరగాలి. చిన్న గులకరాయి అడ్డుపడి అది జరగకపోతే, జరిగేది పైనున్న కారే.

వెనక చక్రాలు రెండింటికీ ముందూ వెనకా కార్పెంటర్ షాపులో కోయించిన చెక్క ముక్కలు పెట్టాం. హ్యాండ్‌బ్రేక్ లాగాను, గేరులో వేశాను. మాన్యువల్‌లో ట్రాలీ జాక్ కోసం ముందు మధ్యలో, క్రాస్ మెంబర్ (కారు అడుగున అడ్డంగా ఉండే ఇనప దూలం) మీద ఒక చోటు గుర్తు పెట్టి ఉంది. అన్ని కార్లకీ ఇలా ఉండదు, మీది చూసుకోండి. అంచనాగా పెడితే ఇంజన్ నూనె నిలవుండే ఆయిల్ సంప్‌కే చిల్లు పడొచ్చు. స్టాండ్ల చోటు వేరు. రెండు పక్కలా సిల్ కింద ఇనప అంచుకి రెండేసి గాట్లు ఉంటాయి. ఆ గాట్ల మధ్య భాగాన్నే కంపెనీ బలంగా కడుతుంది. అంచు నలగకుండా మధ్యలో గాడి కోసిన రబ్బరు దిమ్మలు స్టాండ్ల మీద పెట్టాను.

లేపడం రెండు నిమిషాల పని. దించడమే కష్టం. జాక్ వాల్వు కుళాయి లాంటిది, ఒక్కసారిగా తిప్పితే కారు దబ్బున పడుతుంది. వెంట్రుకవాసి తిప్పుతూ, ఆపుతూ, రెండు వైపులా రబ్బరు అంచును పట్టుకుందో లేదో అంకుల్ టార్చి వేసి చూస్తుంటే మెల్లగా దించాను. రెండు స్టాండ్లూ ఒకే పన్ను మీద ఉన్నాయి, పిన్నులు దూర్చాం. జాక్‌ని తీసేయలేదు, క్రాస్ మెంబర్‌కి ఆనీ ఆనకుండా అలాగే ఉంచాం. స్టెప్నీ తీసి సిల్ కింద పడుకోబెట్టాం. అన్నీ మోసం చేసినా కారుకి, నేలకి మధ్య అది ఉంటుంది.

తర్వాత అంకుల్ చేసిన పని చూసి మా ఆవిడ కంగారు పడింది. బానెట్ అంచు మీద రెండు చేతులూ వేసి కారుని గట్టిగా ఊపారు, ఇటూ అటూ. "పడేదుంటే ఇప్పుడే పడనీ, లోపల ఎవరూ లేనప్పుడు" అన్నారు. స్టాండ్లు కదల్లేదు. అప్పుడు దూరాను.

మా ఆవిడ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది. పాపని కారు తలుపు ముట్టుకోనివ్వకుండా చూడడం ఆమె డ్యూటీ. "ఫోన్ ఇచ్చి వెళ్ళు, కాల్ వస్తే అక్కడి నుంచే మీటింగ్ మొదలుపెడతావు" అంది. క్లిప్పులు వేయడానికి పట్టింది ఏడు నిమిషాలు. మూడు ఆదివారాలు కేవలం ఆ ఏడు నిమిషాల కోసం.

దించేటప్పుడు మళ్ళీ అదే వరస వెనక నుంచి ముందుకి. స్టెప్నీ తీసి, జాక్‌తో కొంచెం ఎత్తి, పిన్నులు లాగి, స్టాండ్లు తప్పించి, వాల్వు మెల్లగా తిప్పి. చక్రాల చెక్కలు అన్నిటికన్నా ఆఖరున. స్పీడ్ బ్రేకర్ల మీదుగా ఒక రౌండు వేసి వచ్చాను. మోత లేదు.

ఉత్సాహంగా, వచ్చే వారం వెనక బ్రేకులు కూడా విప్పి చూసుకుంటానన్నాను. అంకుల్ ఏమీ అనలేదు. మూలన పెట్టిన నాలుగు చెక్క ముక్కలూ తీసుకొచ్చి, ముందు చక్రాల దగ్గర ఒక్కొక్కటే పెట్టి, నా వైపు చూశారు.

"వెనక చక్రాలు రెండూ గాల్లో ఉంటే నీ హ్యాండ్‌బ్రేక్ దేన్ని పట్టుకుంటుందప్పా?"