యాంగ్వన్‌లో పది నిమిషాలు

కొరియా వచ్చాక చూసిన స్టేషన్లన్నీ ఎయిర్‌పోర్టుల్లాగే ఉన్నాయి, అందుకే ఈసారి సెలవులకి పల్లెటూరి లైను పట్టుకుందామని బున్‌చన్ వెళ్లి వి-ట్రైన్ ఎక్కాను. 2013లో టూరిస్టుల కోసం మొదలెట్టిన బుల్లి రైలు, మూడే పెట్టెలు, గోడంత అద్దాలు, చలికాలానికి పెట్టెలోనే పొయ్యి, గంటకి 30 కిలోమీటర్ల స్పీడుతో నాక్‌డాంగ్ నది పక్కనే కొండల మధ్య తాపీగా పోతుంది. నిజానికి ఈ లైను వేసింది చొరామ్ వైపు గనుల బొగ్గు కోసం, 1955లో పూర్తయింది, మధ్యలో ఉన్న ఊళ్ల గోడు ఎవరికి పట్టింది!

యాంగ్వన్‌లో దిగితే ముందు నవ్వొచ్చింది, స్టేషన్ అంటే పాన్‌డబ్బా కంటే కాస్త పెద్దగా ఉన్న ఒక గది, అంతే. పక్క సీటు పెద్దాయన ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి కథంతా చెప్పాక నవ్వు పోయింది. నదికి ఇటు బొంగ్‌హ్వా జిల్లా వైపు వన్‌గోక్ అనే ఊరు, అటు ఉల్జిన్ జిల్లా వైపు ఇంకో వన్‌గోక్, రెండు ఊళ్లకీ రోడ్డు సరిగ్గా లేదు, 30 ఏళ్లకు పైగా రైళ్లు కళ్లముందే ఆగకుండా పోయేవి. సంతకెళ్లి వచ్చేవాళ్లు ఊరు రాగానే మూటలు కిటికీలోంచి బయటికి విసిరేసి, తర్వాతి స్టేషన్ సుంగ్బు దాకా పోయి దిగి, పట్టాల వెంట టన్నెళ్లలోంచి, బ్రిడ్జిల మీదుగా వెనక్కి నడిచొచ్చేవాళ్లట, అలా రైలు కింద పడి చనిపోయినవాళ్లూ ఉన్నారు. చివరికి ప్రెసిడెంటుకే అర్జీ పెట్టుకుంటే 1988లో రైలు ఆపడానికి ఒప్పుకున్నారు. ప్లాట్‌ఫారం, ఈ వెయిటింగ్ రూము, పేరు బోర్డు అన్నీ ఊరివాళ్లే సొంతంగా కట్టుకున్నారు. సియోల్‌లో ఒలింపిక్స్ జరిగింది కూడా అదే ఏడాది, ఆలోచించండి! యాంగ్ అంటే రెండూ అని, రెండు వన్‌గోక్‌లూ కలిసి యాంగ్వన్.

ఊరి అవ్వలు మక్కొల్లి అమ్ముతుంటే ఒక గ్లాసు తాగాను, చూడ్డానికి మన కల్లులాగే ఉంది గానీ బియ్యంతో చేస్తారు. పది నిమిషాలు ఇట్టే అయిపోయాయి, ఫోటో కూడా సరిగ్గా తీసుకోలేదు.

తర్వాత సుంగ్బు. మధ్యలో టన్నెల్ వచ్చినప్పుడు మొహం అద్దానికి ఆనించి చూశాను, రైలుకీ గోడకీ మధ్య మనిషి ఒత్తిగిలి నిలబడే జాగా కూడా కనబడలేదు.