ఒకే కుండీలో మొలిచిన టమోటా నారు

కర్నూలు, ఆదివారం.

మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టి ఉండడంతో, ఎండకు భయపడి కొన్నాళ్లుగా వాయిదా వేస్తున్న పనిని ఈ సాయంత్రం ముగించాను. మిద్దె మీద ఒకే కుండీలో చల్లిన టమోటా విత్తనాలు దాదాపు అన్నీ మొలిచి, వెలుతురు చాలక కాడలు సన్నగా సాగాయి. బీజదళాల (మొలకకు మొదట విచ్చే జంట ఆకుల) పైన రెండు మూడు అసలు ఆకులు వచ్చాయి కనుక విడదీయడానికి ఇదే అదను. ఇంకా ఆగితే వేళ్లు పెనవేసుకుని, చేతికి వచ్చేవాటికన్నా తెగిపోయేవే ఎక్కువవుతాయి.

పొడి మట్టిలోంచి నారు పీకితే, నీటిని పీల్చే సన్నని వేరు కొసలు మట్టిలోనే ఉండిపోతాయి. అందుకని ముందుగానే నీళ్లు పెట్టి, మట్టి మెత్తబడ్డాక కుండీని వంచి మొత్తం ముద్దను బయటికి తీశాను. మా అవ్వ తల చిక్కు తీసేటప్పుడు కొసల నుంచి మొదలుపెట్టినట్లు, నేనూ అడుగు వేళ్ల నుంచే విడదీస్తూ వచ్చాను. మొక్కను ఆకు పట్టుకునే ఎత్తాను. ఆకు నలిగితే మరొకటి వస్తుంది గానీ, లేత కాడ నలిగితే మొక్క కోలుకోవడం కష్టం. మరీ చిక్కుబడిన వాటిని బకెట్ నీళ్లలో ముంచి ఆడిస్తే నెమ్మదిగా విడిపోయాయి.

ఉత్త నల్లరేగడి కుండీలకు పనికిరాదు. తడిస్తే ముద్దవుతుంది, ఎండితే నెర్రెలు విచ్చి వేళ్లను తెంపుతుంది. అందుకే ఎర్రమట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపాను. టమోటా కాడకు మట్టి తగిలిన చోట కొత్త వేళ్లు పుడతాయి కాబట్టి, సాగిన మొక్కలను బీజదళాల దాకా లోతుగా నాటాను.

పక్కింటి అక్క పిట్టగోడ మీదుగా చూసి, "బెండ మొలకలు గూడా ఇట్లే పీకి నాటొచ్చా?" అని అడిగింది.

"వద్దక్కా, బెండకు తల్లివేరు నేరుగా దిగుతుంది, కదిపితే ఓర్చుకోదు. బలమైనది ఒకటి ఉంచి, మిగతావి కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించెయ్యి. పీకితే పక్కదాని వేళ్లు గూడా కదులుతాయి."

"బతికిన మొక్కను కోసేదానికి చేతులు రావు" అంది.

నాటిన కుండీలను నాలుగు రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాత ఉదయపు ఎండ మాత్రమే తగలనివ్వాలి. రేపు ఆకులు వాలినా కంగారుపడి నీళ్లు గుమ్మరించకూడదు. తడి ఎక్కువైతే నారుకుళ్లు వస్తుంది. మిగిలిన నారును అక్కకు ఇచ్చాను, బెండ సంగతి ఆమె ఇష్టం.