యామనోతె ముద్రలు: 30లో 16

నవంబరు 24, సోమవారం, సెలవు. మూడో విడత.

కొత్తగా చదివేవారికి పాత లెక్క. టోక్యో నగరాన్ని చుట్టి వచ్చే యామనోతె రైలు మార్గంలో 30 స్టేషన్లున్నాయి. చుట్టు పొడవు 34.5 కిలోమీటర్లు, దిగకుండా కూర్చుంటే సుమారు గంటలో ఎక్కినచోటికే వస్తాం. ప్రతి స్టేషన్‌లోనూ ఒక రబ్బరు ముద్ర ఉంటుంది, ఎవరైనా ఉచితంగా తమ పుస్తకంలో వేసుకోవచ్చు. 1931లో ఫుకుయి స్టేషన్‌లో మొదలైన సరదా ఇది. 2020లో టోక్యో ప్రాంతపు జేఆర్ (ఈ మార్గాన్ని నడిపే జపాన్ రైల్వే సంస్థ) స్టేషన్లకు కొత్త ముద్రలు వచ్చాయి. స్టేషన్ పేరులోని ఒక కాంజీ అక్షరాన్ని, అంటే చైనా నుంచి వచ్చిన లిపి అక్షరాన్ని, ఆ చోటి విశేషాలతో కలిపి బొమ్మగా మలిచారు. అక్షరం ఎక్కడ దాగుందో కనిపెట్టడం మాకు అదనపు ఆట. మొదటి రెండు విడతల్లో టోక్యో, యురాకుచో, షింబాషి, హమామత్సుచో, ఎబిసు, షిబుయా, హరజుకు అయ్యాయి. మొత్తం ఏడు.

ఈసారి తకదనోబాబా నుంచి ఉఎనో దాకా 11 స్టేషన్లు అనుకున్నాం. మేముండే నిషికసాయి నుంచి మెట్రో తోజాయి లైను నేరుగా తకదనోబాబాకు వెళ్తుంది. దానికి టికెట్ వేరు. జేఆర్ రైళ్లలో ఒకరోజంతా ఎక్కి దిగడానికి తీసుకునే తోకునాయ్ పాస్ మెట్రోలో చెల్లదు. ఆ పాస్ మేము కొన్నప్పుడు మనిషికి 760 యెన్లు. ముద్రలు ఎక్కువగా టికెట్ గేటు బయట ఉంటాయి కనుక ప్రతి చోటా గేటు దాటి మళ్లీ లోపలికి రావాలి. విడివిడిగా కడితే అప్పట్లో ఒక్కో ప్రయాణానికి 150 యెన్ల దాకా అయ్యేది, ఆరో ప్రయాణానికే పాస్ డబ్బు తిరిగి వచ్చేసినట్టు. గేటు టికెట్‌ను మింగి అవతల వైపు బయట పెడుతుంది. దాన్ని తీసుకోవడం మరవకూడదు. రెండో విడతలో మా వారు మరిచారు. ఆ కథ వద్దులెండి.

దిక్కు గుర్తుంచుకోవడానికి నా చిట్కా: బయటి చుట్టు రైలు ప్రదక్షిణంగా, లోపలి చుట్టు రైలు అప్రదక్షిణంగా తిరుగుతుంది. తకదనోబాబా నుంచి ఉఎనోకు ప్రదక్షిణమే.

ఆట నియమాలు ఈసారి మార్చాం. ప్రతి స్టేషన్‌లో బొమ్మా బొరుసా వేయాలి. గెలిచినవారు ముద్ర వేస్తారు. ఓడినవారు సంచి మోస్తూ ముద్ర ఎక్కడుందో వెతికి పెట్టాలి. మొత్తం మీద ఓడినవారిది రాత్రి వంట. నాణెం ఐదు యెన్లది. మధ్యలో చిల్లు, ఒకవైపు వంగిన వరి కంకి. గోదావరి జిల్లా దాన్ని నేను, కంకినే బొమ్మ అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. తకదనోబాబా నాది, మెజిరో నాది.

ముద్ర వేయడంలో ఇప్పటిదాకా నేర్చుకున్నది ఇక్కడే రాసి పెడతాను. మొదటి విడతలో వాడిన పల్చటి నోటు పుస్తకంలో సిరా వెనక పేజీకి దిగింది. ఇప్పుడు గీతలు లేని మందపాటి కాగితంతో ఏ6 పుస్తకం, ముద్రల మధ్య పెట్టడానికి పోస్టుకార్డు పరిమాణంలో కత్తిరించిన అద్దుడు కాగితాలు. స్టేషన్‌లో ఉన్న స్టాంప్ ప్యాడ్‌ను నమ్ముకోకూడదు, కొన్ని ఎండి ఉంటాయి. అందుకే సొంత ప్యాడ్ ఒకటి సంచిలో ఉంది. పిడి మీద పైభాగం ఎటో గుర్తు ఉంటే ముందే చూసుకోవాలి. మెజిరోలో నేను చూసుకోలేదు, ముద్ర తలకిందులుగా పడింది. ముద్రకు సిరా అద్ది, ముందు చిత్తు కాగితం మీద ఒకసారి, తర్వాత పుస్తకంలో. నిలువుగా దించి, నాలుగు మూలలా బరువు వేసి, అటూ ఇటూ ఊపకుండా ఎత్తాలి. ఊపితే రెండు గీతలు. పుస్తకం కింద పాత వార్తాపత్రిక మడత పెడితే అంచులు కూడా బాగా పడతాయి. అన్నట్టు, గుళ్లలో రాసి ఇచ్చే గోషుయిన్ ముద్రలను ఈ పుస్తకంలో అడగకూడదు. అవి పూజ్యభావంతో తీసుకునేవి, వాటికి వేరే పుస్తకం ఉండాలి.

ఇక ఇకెబుకురో. నాణెం నాదే. గేటు బయట స్తంభం పక్కన నన్ను నిలబెట్టి, సంచీ పుస్తకమూ భుజాన వేసుకుని మా వారు వెతకడానికి వెళ్లారు. నేను తల తిప్పేసరికి ముద్ర బల్ల ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఫోన్ చేశాను.

"దొరికింది, రండి. ఎక్కడున్నారు?"

"పడమర ద్వారం బయట. ఎదురుగా ఇంత పెద్ద అక్షరాల్లో పడమర అని రాసి ఉంది. నువ్వే ఇటు రా, ఇటు కూడా ఒక ముద్ర ఉందేమో."

వెళ్లాను. పడమర ద్వారం దగ్గర ఆయన లేరు. పైగా అక్కడి భవనం మీద తూర్పు అనే అక్షరం ఉంది. ఈ ఊరివాళ్లందరికీ తెలిసిన తమాషా ఇది: ఇకెబుకురోలో తూర్పు ద్వారం వైపు సెయిబు దుకాణం, పడమర ద్వారం వైపు తోబు దుకాణం. సెయి అంటే పడమర, తో అంటే తూర్పు. నాలుగేళ్లుగా జపనీస్ నేర్చుకుంటున్న మనిషి అక్షరం సరిగ్గానే చదివారు, దిక్కు మాత్రం తప్పారు. చివరికి తూర్పు ద్వారం దగ్గరున్న రాతి గుడ్లగూబ ముందు కలుసుకున్నాం. అందరూ కలుసుకునే చోటే అది. స్టేషన్ పేరు చివర ఫుకురో, అంటే గుడ్లగూబ అనే మాట వినిపిస్తుందని ఆ బొమ్మ పెట్టారు. మా అమ్మమ్మ గుడ్లగూబ అరిస్తే ఉప్పు తీసి పొయ్యిలో వేసేది. ఇక్కడేమో అది శుభం, పేరును కష్టాలు లేనిది అని కూడా రాయవచ్చట. మాకు 35 నిమిషాలు పట్టింది. ముద్ర మాత్రం ఇప్పటివరకూ వేసినవాటిలో ఇదే బాగా వచ్చింది.

ఓత్సుక నాది. స్టేషన్ కిందుగా ట్రామ్ వెళ్తుంది, చూస్తూ పది నిమిషాలు నిలబడ్డాం. సుగామోలో తొలిసారి ఆయన గెలిచారు.

సుగామోను ముసలమ్మల హరజుకు అంటారు. 4, 14, 24 తేదీల్లో అక్కడ సంత. మేము తేదీ చూసుకోకుండానే 24న దిగాం. వీధి నిండా చేతికర్రలు, ఎర్ర లోదుస్తులు వేలాడదీసిన దుకాణం. ఎరుపు ఒంటికి వేడినీ బలాన్నీ ఇస్తుందని నమ్మకం. కోగాన్‌జి గుడి ఆవరణలో కన్నోన్ విగ్రహం ఉంది. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. మనకు ఎక్కడ నొప్పో విగ్రహానికి అక్కడ నీళ్లు పోసి తువ్వాలుతో తుడవాలి. పూర్వం బ్రష్షుతో రుద్దేవారు, రాయి అరిగిపోయి 1992లో కొత్త విగ్రహం పెట్టారు. ఆయన మోకాలు తుడిచారు. నేను రెండు చెవులూ శ్రద్ధగా తుడిచాను.

"నీ చెవులకేమైంది?"

"నాకేం కాలేదు. మీ తరఫున."

తర్వాత ఉప్పు దైఫుకు తిన్నాం. బియ్యపు పిండి ముద్దలో ఎర్ర చిక్కుళ్ల పూర్ణం, దానిలో ఉప్పు. పూర్ణంలో ఉప్పేమిటి అనుకున్నాను కానీ రెండోది కూడా తిన్నాను.

పొరపాటు ఇక్కడే జరిగింది. గుడిలో మొక్కేటప్పుడు మా వారు హుండీలో వేసింది మా ఆట నాణేన్నే. ఐదు యెన్లను గోయెన్ అంటారు, బంధం అనే మాట కూడా అలాగే పలుకుతుంది, అందుకని అదే వేయాలట. "మన బంధం కోసమే వేశాను" అంటున్న మనిషిని ఏమనగలం? ఇద్దరి దగ్గరా ఇంకో ఐదు యెన్ల నాణెం లేదు. పది యెన్లది తీశాం. దాని మీద బ్యోదోయిన్ గుడి ఉంటుంది, గుడే బొమ్మ. అక్కడి నుంచి నాకు ఒక్కటి పడితే ఒట్టు.

కొమగోమె ఆయనది. సోమెయి యోషినో చెర్రీ పుట్టిన ఊరు ఈ పక్కనే. మేము వచ్చింది ఆకులు రంగు మారే కాలంలో కనుక 1702 నాటి రికుగియెన్ తోటలోకి వెళ్దామనుకున్నాం, కానీ వరస చూసి వెనక్కి వచ్చేశాం. అప్పటికే మూడు దాటింది. నవంబరు చివర్లో నాలుగున్నరకే చీకటి. తబాత, నిషినిప్పోరి వదిలేసి నేరుగా నిప్పోరిలో దిగాం. వంతెన మీద నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైలుతో సహా రైళ్లు వరుసగా కనిపిస్తాయి, పిల్లలతో సమానంగా మా వారూ చేతులూపారు. యనాక మెట్ల మీద కాసేపు కూర్చుని, ఉగుయిసుదానిలో దిగి ముద్ర వేసి మళ్లీ ఎక్కాం. ఉఎనో చేరేసరికి కాళ్లు మొరాయించాయి. అక్కడ సమురాయ్ నాయకుడు సైగో తకమోరి విగ్రహం కుక్కతో నిలబడి ఉంటుంది. 1898లో ఆవిష్కరించినప్పుడు ఆయన భార్య చూసి "మా ఆయన ఇలా ఉండేవారు కాదే" అన్నదని చెబుతారు. నేను తీసిన ఫోటో చూసి మా వారు కూడా అదే అన్నారు.

ఈ విడతలో 9, మొత్తం 16. పందెం: ఆయన 5, నేను 4. మిగిలినవి 14, వాటిలో షింజుకు ఉంది, దానికి ఒక పూట విడిగా ఉంచాలి. వచ్చేసారి నిషినిప్పోరి, తబాతలతో మొదలుపెట్టి ఒకాచిమాచి, అకిహబరా, కందా.

రాత్రి వంకాయ వేపుడు, చారు చేశాను. అన్నం వండుతూ ఆ పది యెన్ల నాణేన్ని ఇరవైసార్లు ఎగరేసి చూశాను. గుడి 11, బొరుసు 9. దాన్ని చిల్లర డబ్బాలో పడేసి, ఐదు యెన్ల నాణేలు రెండు దారానికి గుచ్చి ముద్రల పుస్తకానికి కట్టాను.